నీరడుగని తీగె

ఎండకు వాడని మొక్కను చూచి తపస్వి యని పొగడుట మన కవిత్వమునకే కాక మన సంభాషణకును మిక్కిలి అలవాటైన పని. రాతి నెఱ్ఱెలో మొలచి, వేసవి యంతయు చుక్క నీరు లేక నిలిచి, పసుపు పూలు విరియబూచిన తంగేటిని గాని, బీటిలో ఒంటరిగా నిలుచున్న జమ్మిని గాని చూచినపుడు వైరాగ్యము, తితిక్ష, అపరిగ్రహము మొదలైన మాటలు మన నోట అప్రయత్నముగా వచ్చును. ఆ మాటలతో పాటు మనసునకు ఒక తృప్తియు కలుగును. ఈ తృప్తి మీద నాకు చిరకాలముగా అనుమానము కలదు. నీరు లేక బ్రతుకుట వేఱు, నీటిని వదలుకొని బ్రతుకుట వేఱు. మొదటిది ఒక దశ, రెండవది ఒక వ్రతము. ఈ రెంటి నడుమనున్న గీటును చెఱిపివేసి లేమికి త్యాగమని పేరు పెట్టుట న్యాయమా యను ప్రశ్నను, నెల్లిమర్లలో మా యింటి దొడ్డి కంచె వెంబడి ప్రాకియున్న శంఖుపుష్పపు తీగె మూలముగా విచారింపదలచితిని.

నెల్లిమర్లను ఎండునేల యనుట పరాయి సీమవారికి వింతగా తోచవచ్చును. విజయనగరము జిల్లాలో ఏటికి వేయి మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. అనంతపురము రైతు ఈ లెక్క వినినచో మనకు కరవేమిటని నవ్వును. కాని ఆ వానలో పెద్దపాలు జూన్ మొదలు అక్టోబరు వఱకు నైరృతి మేఘముల వలనను, ఆ పిమ్మట బంగాళాఖాతమున పుట్టు వాయుగుండముల వలనను ఒక్కుమ్మడిగా వచ్చి, ఎఱ్ఱనేల మీదుగా జాఱి, చంపావతిలో పడి, కోనాడ యొద్ద సముద్రమున కలసిపోవును. సంక్రాంతి దాటిన నాటినుండి ఆకాశము మూతపడినట్లే. ఫాల్గుణము వచ్చుసరికి ఏటిలో ఇసుకయే మిగులును, నూతిచేదకు త్రాడు చాలదు, గరువు నేల పలుగునకు గాని లొంగదు. ఇచటి మొక్క ముంపును, ఎండను ఒకే సంవత్సరములో అనుభవింపవలసి యున్నది. అట్టి నేలలో, పల్లమున కాక మెట్టను, కాలువ క్రింద కాక నూతిని నమ్ముకొని ఒక పూలతోట పెంచదలచినవాడు తన కోరికలను చాల తగ్గించుకొనవలెను. మల్లెకును గులాబికిని సెలవిచ్చి, చిక్కుడు కుటుంబపు మొండి మొక్కల వంక చూడవలెను.

శంఖుపుష్పమును మనవారికి వేఱుగ పరిచయము చేయ నక్కఱలేదు. పూర్వులు దీనిని దింటెన యనిరి. వైద్యులకు ఇది గిరికర్ణిక, దేవీపూజ చేయువారికి అపరాజిత. 1753లో లిన్నేయసు స్థిరపఱచిన శాస్త్రనామములో తూర్పు ద్వీపములలోని తెర్నాతె దీవి పేరు నిలిచియున్నది. థాయిలాండువారు ఈ పూలను మరిగించి నీలిపానీయము చేసికొందురు. మలయావారు అన్నమునకు రంగు పట్టింతురు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు పశుపాలకులు దీనిని మేతకై ఎకరముల కొలది విత్తుదురు. మనము శనివారము నాడు శనైశ్చరునకును, తక్కిన దినములలో శివునకును అమ్మవారికిని సమర్పింతుము. పశువు తినునదే దేవునికి పనికివచ్చుట మన మతములో ఒక మంచి లక్షణమని నా యభిప్రాయము.

దీనిని పెంచుట కష్టము కాదు గాని, అందఱు చెప్పుకొనునంత తేలికయు కాదు. కాయ చదునుగా వ్రేలెడు పొడవుండును. ఎండినపుడు ఫట్టున చీలి, రెండు చెక్కలును మెలిదిరిగి, గింజలను దూరముగా విసరును. గింజ పై పొర బహుదృఢమైనది, నీటిని లోనికి రానీయదు. రాత్రియంతయు నానవేసినను ఉబ్బక, వేసినవి వేసినట్లే గిన్నె యడుగున పడియుండు గింజలు కొన్ని ప్రతి పిడికిటిలోను ఉండును; వానిని గరుకు రాతిమీద ఒకమాఱు రుద్ది, గాటుపడిన పిదప మరల నానవేసినగాని మొలకెత్తవు. ఆ మొలకకు తొలి దినములలో నీరు కావలయును. ఈ సంగతిని ముఖ్యముగా గమనింపవలెను. అనావృష్టికి ఓర్చునను బిరుదు వేరు లోతునకు దిగిన పెద్ద తీగెది, రెండాకుల శిశువుది కాదు. వారము దినములు మఱచినచో ఆ శిశువు నిశ్శబ్దముగా ఎండిపోవును. దాని మరణమును తితిక్ష యని ఎవ్వరును వర్ణింపరు. పెరిగి నిలిచినదానినే చూచి, నిలువలేక పోయినవానిని లెక్కవేయకయే, మనము ఓర్పును గూర్చి ధర్మోపన్యాసములు చేయుచున్నాము.

పువ్వు నిర్మాణమును ఒకమాఱు దగ్గఱగా చూడుడు. కందిపూవు నందును, బఠానీపూవు నందును, వృక్షశాస్త్రజ్ఞులు పతాకదళమని పేర్కొను పెద్దఱేకు పైన నిలుచును. శంఖుపుష్పములో పూవంతయు సగము చుట్టు తిరిగి, ఆ ఱేకు క్రిందికి వచ్చి పఱచుకొనును; దాని నడుమ పాలిపోయిన పసుపుతో కూడిన తెల్లని మచ్చ, మచ్చనుండి అంచువఱకు ముదురునీలపు ఈనెలు; పుప్పొడి కేసరములు మాత్రము పైకప్పున దాగి క్రిందికి వంగియుండును. ఇట్లు తలక్రిందులుగా నున్న పూవును శీర్షాసనము వేసిన మునితో పోల్చు కవి ఎప్పుడో ఒకడు పుట్టకపోడు. కాని క్రింది ఱేకు మీద వాలి తేనెకై లోనికి చొఱబడు తుమ్మెద వీపునకు పుప్పొడి అంటించుటకు అనువుగా జరిగిన ఏర్పాటిది. తపస్సు కంటె ఇందు ప్రయోజనము ఎక్కువ. మొక్క నెపమున మనము చెప్పికొను నీతులలో చాలభాగము మొక్కను సరిగా చూడకపోవుట వలన పుట్టినవని నాకు తోచును.

మా దొడ్డిలో ఒకే కాయలోని గింజలు రెండుచోట్ల మొలచినవి. ఒకటి స్నానపు నీరు పాఱు కాలువ ప్రక్కను. మఱియొకటి కంచె చివర, గులకఱాళ్లు తేలిన గట్టు మీద. వైశాఖమాసమున మొదటి తీగె ఆకు చాటున కంచె కర్ర కానరానంతగా అల్లుకొని, ఉదయమున బుట్టెడు పూలిచ్చును. రెండవది అడుగు ఆకులన్నియు రాల్చుకొని, దారము వంటి కాండముతో, కొసల యందు మాత్రము నాలుగైదు చిన్న ఆకులును ఒక పూవును నిలుపుకొని యుండును. పట్టణమునుండి వచ్చిన మిత్రులందఱు రెండవదాని యెదుటనే ఆగి, ఆహా యని, ఆ ఒక్క పూవును మెచ్చుకొందురు, మొదటిదానిని చూడరు. తోటలో కలుపు తీయ వచ్చు ముసలమ్మ ఒకతె ఈ పొగడ్త విని నవ్వి, “నీల్లిచ్చీవోల్లు నేక అలగుంది గానీ, ఇస్తే సేదా బాబూ దానికి?” అని, పలుగు భుజమున వేసికొని వెడలిపోయినది. ఈ వ్యాసములో నేను చెప్పగల ముఖ్యమైన మాటను ఆమె ముందుగనే చెప్పివేసినది. ఇక మిగిలినది దానికి వ్యాఖ్యానము.

త్యాగమనుటకు వస్తువు ముందు చేత నుండవలెను, దానిని ఉంచుకొను స్వేచ్ఛయు ఉండవలెను. కఠోపనిషత్తు ప్రారంభములోని కథ ఈ సూక్ష్మమును ఎఱిగినదే: సర్వస్వమును దానము చేయుచున్నానని యజ్ఞమునకు పూనుకొన్న తండ్రి, త్రాగుడు ముగిసి మేత ముగిసి పాలింకిపోయిన ఆవులను తోలుకొని వచ్చినపుడు, బాలుడైన నచికేతునకు అది దానముగా కనబడలేదు. తనకు పనికిరానిదానిని ఇచ్చుట దానము కానట్లే, తనకు దక్కనిదానిని విడుచుట విరాగము కాదు. భగవద్గీత పదునేడవ అధ్యాయములో తపస్సును మూడు తెఱగులుగా విభజించుచు, అంతకు ముందే, శరీరమును శోషింపజేయు ఘోరతపస్సులను ఆసురనిశ్చయములుగా పరిగణించినది. శాక్యముని ఆఱేండ్లు తిండిమాని ఎముకల గూడై, పిమ్మట ఆ మార్గమును విడిచి, సుజాత తెచ్చిన పాయసమును స్వీకరించి బోధివృక్షము క్రింద కూర్చుండెనని బౌద్ధులు చెప్పుదురు. శోషణకును విముక్తికిని అవినాభావ మేమియు లేదని ఇంత స్పష్టముగా చెప్పిన దేశములో, శోషించినదానిని చూడగానే చేతులు జోడించుట ఎట్లు అలవాటైనదో!

నెల్లిమర్లకు అనతిదూరమున నున్న రామతీర్థము ఈ విచారణకు తగిన తావు. రామస్వామి సన్నిధికని వచ్చు యాత్రికులలో చుట్టునున్న కొండలెక్కువారు కొందఱే. గురుభక్తులకొండ మీద బౌద్ధ సంఘారామపు గోడలును, స్తూపచైత్యముల పునాదులును కలవు. ప్రక్కకొండలపై జైన తీర్థంకరుల శిలామూర్తులు కలవు. దుర్గకొండ గుహలోని కన్నడశాసనము తూర్పుచాళుక్య విమలాదిత్యుని గురువుగా దేశిగణమునకు చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుని పేర్కొనుచున్నది. విమలాదిత్యుడు పదునొకండవ శతాబ్ది ప్రారంభమున ఏలినవాడు, నన్నయచే భారతమును తెనిగింపించిన రాజరాజనరేంద్రునకు తండ్రి. వేంగిరాజు గురువైన దిగంబరముని, దిక్కులే వస్త్రముగా గలవాడు, ఈ మెట్టకొండను పావనముగా నెంచి దర్శించెనన్నమాట. ఇచటి త్యాగము నిజమైన త్యాగము. రాజగురువునకు పట్టుబట్ట కొఱత కాదు, పల్లకి కొఱత కాదు. అన్నియు చేతికందు దూరమున నుండగా వలదనినవాడు. అపరిగ్రహ మహావ్రతమును గూర్చి మాటలాడు నధికారము అట్టివారిది.

ఐనను ఆ కొండలెక్కినవాడు మఱియొక సంగతిని గూడ చూచును. రాళ్ల నడుమ నీరు నిలుచు మడుగులు కలవు. సన్న్యాసులు ఇల్లు విడిచిరి, బంగారము విడిచిరి, దిగంబరులు వస్త్రమును గూడ విడిచిరి, నీటిని విడువలేదు. నీరు దొరకు కొండనే ఏరికోరి ఎంచుకొనిరి. సంఘారామమునకు క్రింద భిక్ష పెట్టగల గ్రామములుండెను; ఆ గ్రామములకు వడ్లు పండు పల్లములుండెను; ఏటి ప్రక్క ఆ పల్లములు లేనిచో కొండమీద వర్షావాసము సాగదు. ఇది వారికి నింద కాదు. విరాగికి గూడ క్రింద తడినేల కావలయునను సత్యమును మఱుగుపఱుపక, కొండ దిగి భిక్షకు వచ్చుటయే ఆ రెండు మతములలోని గొప్పతనము. పూర్వాహ్నమున ఇంటి యెదుట నిలిచిన భిక్షువు తన యాధారమును అందఱి కన్నులయెదుట ఒప్పుకొనుచున్నాడు. స్వయముగా వెలసితినని చెప్పుకొనువాడు మఠాధిపతి యగునేమో గాని భిక్షువు కాడు.

ఇక లేమిని చూతము. ఈ ఉత్తరాంధ్రపు మెట్టపల్లెలనుండి, భీమునిపట్నము, కళింగపట్నము రేవుల మీదుగా, ఓడలెక్కి రంగూనుకు కూలికై పోయినవారు వేలకొలది. 1942లో జపానుసేనలు బర్మాపై బడినపుడు ప్రాణములఱచేత పట్టుకొని అడవులబడి కాలినడకను తిరిగివచ్చిన తెలుగువారిలో ఈ ప్రాంతమువారనేకులు. నేడు రంగూను లేదు, మేడలు లేచుచున్న నగరము లెన్నియో యున్నవి. వలస మాత్రము మానలేదు. ఊరిలో జనపనార మిల్లు తలుపులు మూసిన దినములలో చల్దియన్నము, ఉల్లిపాయ తిని నిబ్బరముగా తిరిగిన ఇండ్లను నేను ఎఱుగుదును. వారిని చూచి, అహో ఎంత సంతుష్టులు, మితాహారులు, మన ఋషుల జీవితమిదే కదా యని వ్రాసిన పెద్దలునుండిరి. ఆ వ్రాతగాండ్ర ఇండ్లలో నూయి ఇంకి యుండదు. సంతోషమును వ్రతముగా పట్టినవాడు సంతుష్టుడు. వేఱు దారి లేక ఊరకుండినవానిని సంతుష్టుడనుట వాని నోరు నొక్కుటకు మర్యాదయైన పద్ధతి. గట్టుమీది తీగెకు పూవొక్కటే పూయుట దాని సుగుణము కాదు. అది ఆ చోటి దోషము.

ఇంతవఱకు వచ్చి విచారణ ముగింపవచ్చునేమో గాని, తీగెను పెకలించి చూచినచో కథ మఱియొక మలుపు తిరుగుచున్నది. వానకాలమున ముదిరిన తీగె నొకదానిని పలుగుతో త్రవ్వి తీసినచో, వేళ్ల వెంట ఆవగింజంతటివి, మిరియమంతటివి బుడిపెలు కనబడును. ఒకదానిని గోటితో చీల్చిన, లోపల లేత గులాబిరంగు. మన నెత్తుటిలోని వర్ణద్రవ్యమునకు చుట్టమైన పదార్థము చేత కలిగిన రంగు అది. సోయాచిక్కుడు బుడిపెలలో దానిని 1939లో కుబో యను జపాను శాస్త్రజ్ఞుడు గుర్తించెను. ఆ బుడిపెలు రోగము కాదు, సూక్ష్మజీవులకు మొక్క కట్టిన ఇండ్లు. గాలిలో వందకు 78 పాళ్లు నత్రజనియే యైనను ఆకు దానిని గ్రహింపలేదు. బుడిపెలోని జీవులు ఆ వాయువును మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చి ఇచ్చును, మాఱుగా మొక్క తాను ఎండలో వండిన చక్కెరను వానికి పెట్టును. ఈ రహస్యమును హెల్‌రీగెల్ అను శాస్త్రజ్ఞుడు 1886లో బెర్లిను పండితసభలో ప్రకటించెను. రెండేండ్లకు హాలండులో బైజరింకు ఆ జీవులను వేఱుచేసి పెంచి చూపెను. పైరు మార్చి పప్పుజాతి వేయవలెనని మన రైతు అంతకు చాలముందే ఎఱుగును, కారణము మాత్రము ఎఱుగడు.

ఇందులో తత్త్వవిచారమునకు పనికివచ్చు ముచ్చట యొకటి కలదు. నేలలో నత్రజని సమృద్ధిగా నున్నచోట, యూరియా దండిగా చల్లినచోట, ఈ జాతి మొక్క బుడిపెలు కట్టుట తగ్గించివేయును. అక్కఱలేనపుడు అతిథికి ఇల్లు కట్టదు. అనగా సఖ్యము లేమియందు పుట్టినది. ఇది వినగానే పాత తృప్తి మరల తల ఎత్తును: చూచితిరా, లేమియే కదా మైత్రిని నేర్పినది, కావున లేమి మంచిదే యని. తొందరపడవలదు. నీరు చాలనపుడు మొక్కలో మొట్టమొదట క్షీణించు పనులలో నత్రజని కూర్చుట యొకటి. ఆకు వాడకముందే బుడిపెలోని పని మందగించును, ఎద్దడి ముదిరినచో బుడిపె ముడుచుకొని రాలిపోవును. ఒక లేమి స్నేహమును పుట్టించుచున్నది, మఱియొక లేమి దానిని చంపుచున్నది. గట్టుమీది తీగెను వేసవి చివరను త్రవ్వి చూచితిని, వేరు నున్నగా నున్నది. రెంటికిని లేమి యని ఒకే మాట వాడుట వలన మన ధర్మశాస్త్రములలో ఎంత గజిబిజి కలిగినదో లెక్కింపజాలము. సహాయము కోరునంతటి కొఱత యొకటి, సహాయమును స్వీకరించుటకు గూడ శక్తి చాలనంతటి కొఱత యొకటి; మునులు తమ శిష్యులకు విధించినది మొదటిది, కరవు కూలివానికి విధించునది రెండవది.

ఆ సఖ్యమును గూడ అతిగా పొగడరాదు. 2003లో సోయాచిక్కుడు మీద జరిపిన ఒక పరీక్షలో, బుడిపెల చుట్టునున్న గాలిలోని నత్రజనిని తొలగించి, లోపలి జీవులు ఏమియు ఇవ్వలేని స్థితి కల్పించి చూచిరి; అంతట మొక్క ఆ బుడిపెలకు ప్రాణవాయువును తగ్గించివేసెను, జీవుల సంతతి క్షీణించెను. మొక్కకు లెక్క వచ్చును. అంతేకాక, తీగె బ్రతికియున్నంత కాలము తాను కూర్చిన నత్రజనిలో పెద్దభాగమును తనయందే ఉంచుకొనును. ఆకు రాలి, వేరు క్రుళ్లి, లేక రైతు పూతవేళ దున్ని కలిపివేసినప్పుడుగాని నేలకు దక్కదు. జనుమును పచ్చిరొట్టకై విత్తి, పసుపు పూలు కనబడుచుండగనే నాగలికి అప్పగించు రైతునకు ఈ సంగతి తెలియును. దధీచి ఎముకలిచ్చినట్లు మొక్క తనను నేలకిచ్చెనని చెప్పుకొనుట వినసొంపుగా నుండును గాని, దధీచిని అడిగిరి, ఆయన ఒప్పుకొనెను; జనుమును ఎవ్వరును అడుగలేదు.

చిక్కుడు కుటుంబములో అందఱును ఈ మైత్రి చేయువారు కారు. తంగేడునకు బుడిపెలు లేవు, చింతకు లేవు, జమ్మికి కలవు. ఐనను మూడును ఎండకోర్చును, మూడును మన మతమున స్థానము పొందినవి. విజయదశమినాడు జమ్మికి ప్రదక్షిణము చేయుదుము. ఆ పిదప వచ్చు మంగళవారమున విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమానుగా ఊరేగునది చింతమాను, అది ఎచటనున్నదో అమ్మవారు పూజారికి కలలో చెప్పునని ప్రతీతి. చెట్టు యజమాని కాదనడు. పాండవుల ఆయుధములు దాచినది జమ్మి, అగ్నిని కడుపున దాచుకొన్నదియు జమ్మియే యని పురాణము. మెట్టసీమల దైవములకు మెట్టచెట్లు దొరకుట సహజము. కరవులో కంటికి పచ్చగా కనబడినదానియందు జనులు దైవమును చూచిరి. ఈ పూజలో కృతజ్ఞత కలదు, దానిని నేను కాదనను. నేను కాదనునది, ఆ చెట్టు నీరు వలదన్నదని మనము కల్పించుకొన్న మాటను మాత్రమే.

మన మతాచారమే నిజమునకు ఈ కల్పనను అంగీకరించినది కాదు. వైశాఖమున దాహము గొన్నవానిని చూచి, ఇతడు తపస్సు చేయుచున్నాడని ప్రక్కకు తొలగుమని ఏ స్మృతియు చెప్పలేదు, ఉదకుంభదానము చేయుమనెను. తాటాకు పందిరి వేసి, క్రొత్తకుండలను ఇసుకలో పాతి, మజ్జిగయు నీరును పోయు చలివేంద్రములు నెల్లిమర్ల కూడలి మొదలు ఏ మూలపల్లె వఱకైనను వేసవిలో వెలయును. ఆ కుండ చెంత త్రావువాని కులమును గాని సుగుణమును గాని అడుగువారు లేరు. శివుడంతటి విరాగికి, శ్మశానవాసికి, నెత్తిన గంగ ఉన్నది చాలక, లింగముపై ధారాపాత్ర కట్టిరి. దాహమును స్తుతించుట గ్రంథములలో దొరకును, దాహమును తీర్చుట ఆచారములో దొరకును. ఈ రెంటికి వైరుధ్యము వచ్చినపుడు నేను ఆచారము పక్షమున నిలుతును.

ఇచట చివరకు ఒక చిక్కు కలదు, దానిని రామతీర్థపు కొండలే చూపుచున్నవి. ఎండిన తీగెకు చెంబెడు నీరు పోయుటకంటె నిరపాయమైన పుణ్యము వేఱొకటి లేదని మనము తలతుము. జైనముని అట్లు తలపడు. మొక్క స్పర్శేంద్రియము గల ఏకేంద్రియ జీవి. మట్టియు, నీరును గూడ జీవకాయములే. పచ్చినీటిని తాను త్రాగడు, నేల త్రవ్వడు, ఆకు గిల్లడు. పూవు కోయుటయు ఆయన దృష్టిలో హింసయే. బౌద్ధ వినయములోను, భిక్షువు నేల త్రవ్వరాదు, మొక్కను నఱుకరాదు, ప్రాణులున్న నీటిని ఎఱిగియుండి గడ్డిమీద గాని మట్టిమీద గాని పోయరాదు అను నియమములు కలవు. కనుక గురుభక్తులకొండ మీది భిక్షువు గాని, శాసనములోని సిద్ధాంతదేవుడు గాని మా దొడ్డికి వచ్చి గట్టుమీది తీగెను చూచినను, దాని కష్టమును మనకంటె తీక్ష్ణముగా గ్రహించి యుండియు, దానికి నీరు పోయజాలరు. వారి కరుణ ఎవరిని బాధింపకుండుట యందే ముగియును. అంతకు మించిన పని, చేతులకు కొంత పాపము అంటు పని, గృహస్థునకు వదలివేయబడినది. శ్రావకునకు, అనగా జైన గృహస్థునకు, అణువ్రతములు మాత్రమే విధించుటలో ఈ సదుపాయము ఇమిడియున్నది. బావి త్రవ్వుటకు, కుండ మోయుటకు, పాదు తీయుటకు ఎవడో యొకడు సంసారమున మిగిలియుండవలెను గదా. గట్టుమీది తీగెకు పాదు నేనే తీసితిని. త్రవ్వునపుడు రెండు వానపాములు తెగినవి. స్నానపు నీటి కాలువను అటు మళ్లించినచో గులకఱాళ్లలో ఇంకక చివరివఱకు పోవునా యనుటను ఆ ముసలమ్మ నడిగి నిర్ణయింపవలసి యున్నది; వాలు సంగతి ఆమెకు నాకంటె బాగుగ తెలియును.